హైటాప్ బాస్కెట్‌బాల్ షూ రోజూ వేసుకోవచ్చా? పన్నెండేళ్లుగా ఇవే బాగుచేస్తున్నవాడిగా నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వయసు 27, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజూ బైకు మీద రాకపోకలు. కాన్వర్స్ వాళ్ల కాన్వాస్ బూటు చక్ టేలర్, లేదా నైకీ వాళ్ల తోలు బూటు జోర్డాన్ 1 లాంటి పాతకాలపు హైటాప్ (చీలమండని కూడా కప్పే ఎత్తు బూటు) ఒక జత కొనుక్కుని ఆఫీసుకీ, బయటికీ అదే వేసుకోవాలని ఉంది. చీలమండకి మంచిదని స్నేహితులు అంటున్నారు, ఎండాకాలంలో కాళ్లు ఉడికిపోతాయని ఇంట్లో అంటున్నారు. ఆఫీసులో ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని మీకూ సందేహం. ఎవరి మాట వినాలి?

నిక్షేపంగా వేసుకోవచ్చు. అయితే మూడు సంగతులు ఒప్పుకుని కొనండి. ఒకటి, చీలమండకి రక్షణ అనే నమ్మకంతో మాత్రం కొనొద్దు. రెండు, తొడిగిన ప్రతిసారీ, విప్పిన ప్రతిసారీ లేసు వదులు చేసే ఓపిక ఉండాలి. మూడు, ఒకే జతను వరసగా రెండు రోజులు వేయకూడదు. ఈ మూడింట్లో రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నా దగ్గరికి వచ్చే హైటాప్‌లలో ఎక్కువ భాగం పాడయ్యేది దానివల్లే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

నా గురించి రెండు ముక్కలు. కాలేజీ రోజుల్లో విజయవాడలో బాస్కెట్‌బాల్ ఆడాను. పన్నెండేళ్లుగా సికింద్రాబాద్‌లో స్నీకర్లు శుభ్రం చేసి, అతికించి, కుట్టి ఇచ్చే చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. వారానికి ముప్పై నలభై జతలు చేతికొస్తాయి. కింద రాసేదంతా ఆ బల్ల మీద చూసిందే.

ముందు చీలమండ సంగతి. ఈ బూటు ఎత్తుగా ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట మొదలుపెట్టాడు. ఆడేది చెక్క నేల మీద, హాలు లోపల. అదే రాష్ట్రంలోని మాల్డెన్‌లో 1908లో పెట్టిన కాన్వర్స్ కంపెనీ, 1917లో ఆల్ స్టార్ అనే కాన్వాస్ బూటు తెచ్చింది. 1921లో చక్ టేలర్ అనే ఆటగాడు అందులో చేరి, ఊరూరూ తిరిగి ఆట నేర్పుతూ బూట్లు అమ్మాడు. తర్వాత ఆయన సంతకమే చీలమండ దగ్గరి గుండ్రటి బిళ్ల మీదకి ఎక్కింది. పరుగెత్తి ఠక్కున ఆగే ఆట, గెంతి ఎవరి పాదం మీదో దిగే ఆట. పైదాకా గుడ్డ కప్పి లేసు బిగిస్తే మడమ మెలి తిరగదని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మేమూ అలాగే అనుకునేవాళ్లం.

దీన్ని నిజంగా పరీక్షించి చూశారు. 1993లో ఒక అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 622 మంది కాలేజీ ఆటగాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు హైటాప్, ఒక గుంపుకి గాలి నింపుకునే అరలున్న హైటాప్, ఇంకో గుంపుకి చీలమండ కిందే ఆగే లోటాప్. సీజన్ అంతా ఆడించి చూస్తే, చీలమండ బెణకడంలో మూడు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నా అనుభవమూ అంతే. ఇంటర్ రెండో ఏడు సిమెంటు కోర్టు మీద, లేసు చివరి కన్నం దాకా బిగించిన హైటాప్‌తోనే, రింగుకి తగిలి వెనక్కి వచ్చిన బంతి కోసం ఎగిరి దిగుతూ కుడికాలు మడతపెట్టుకున్నాను. ఆరువారాలు కట్టుతో ఉన్నాను. మనిషి బరువంతా ఒక పక్కకి ఒరిగినప్పుడు దాన్ని ఆపే బలం గుడ్డకీ, పల్చటి తోలుకీ లేదు. పైగా రోజువారీ వాడకంలో ఎవరూ ఆటగాడిలా బిగించి కట్టరు. పై రెండు కన్నాలు వదిలేసి తిరుగుతారు, నేను కూడా అలాగే కట్టమంటాను. కాబట్టి చీలమండ తరచూ మడతపడే వాళ్లు దానికి తగిన వ్యాయామం గురించి ఫిజియోథెరపిస్టుని అడగాలి. ఆ పని బూటు మీద పెట్టకూడదు.

ఇక అసలు విషయం.

ఈ బూటు పుట్టిన చోట ఆటగాడు ఒకసారి లేసు కట్టుకుంటే ఆట అయ్యేదాకా విప్పడు. అక్కడ చాలా ఇళ్లలో బూట్లతోనే లోపలికి వెళ్తారు. మన బతుకు అది కాదు. గుమ్మం దగ్గర విప్పాలి. గుడి ముందు విప్పాలి. స్నేహితుడి ఇంటికెళ్తే విప్పాలి. కొన్ని క్లినిక్‌లలో, ల్యాబుల్లో విప్పాలి. టైలరు షాపులో తివాచీ ఉంటే విప్పాలి. రోజుకి ఐదారుసార్లు. లోటాప్ అయితే మడమ తోసి జార్చేస్తాం. హైటాప్‌లో అది కుదరదు, అయినా అందరూ అదే చేస్తారు. ఒక కాలి ముందుభాగంతో రెండోకాలి మడమ తొక్కి లాగేస్తారు. వేసుకునేటప్పుడు లేసు విప్పకుండా, కాలర్ (చీలమండ చుట్టూ ఉండే పై అంచు) పట్టుకుని పైకి లాగుతూ పాదాన్ని కుక్కుతారు.

అలా చేస్తే ఏమవుతుందో చెబుతాను. బూటు వెనకభాగంలో, బయటి అప్పర్‌కీ (సోల్ పైన పాదాన్ని కప్పే భాగానికీ) లోపలి లైనింగ్‌కీ మధ్య అరచేతి వంపులో ఒక గట్టి ముక్క ఉంటుంది. దాన్ని కౌంటర్ అంటాం. ప్లాస్టిక్‌దో, జిగురు పట్టించిన అట్టదో. మడమ నిటారుగా నిలబడేది దానివల్లే. కుక్కిన ప్రతిసారీ దాని పై అంచు లోపలికి మడత పడుతుంది. కొన్ని వందల మడతలకి మధ్యలో పగులుతుంది. పగిలిన అంచు లైనింగ్‌ని కోస్తుంది. ముందు చిన్న రంధ్రం, తర్వాత స్పాంజి బయటికి రావడం, ఆ తర్వాత ప్లాస్టిక్ మొన నేరుగా మడమకి గీసుకోవడం. అప్పటికి జనం «ఈ బూటు కరుస్తోంది» అంటూ నా దగ్గరికి తెస్తారు. కరవడం మొదలయ్యేసరికి లోపల బూటు ఎముక, అంటే ఆ కౌంటర్, విరిగిపోయి ఉంటుంది.

నాకు బాగా గుర్తుండే కేసు ఒక మెడికల్ రెప్రజెంటేటివ్‌ది. చాలా ఇష్టపడి, డబ్బు కూడబెట్టి జోర్డాన్ 1 హై కొన్నాడు. ఆయన పని రోజుకి పది పన్నెండు క్లినిక్‌లు. అందులో సగం చోట్ల డాక్టరు గది బయటే విప్పాలి. నాలుగు నెలలకే రెండు కౌంటర్లూ పోయాయి. సోల్ చూస్తే కొత్తదానిలా ఉంది, ముందు తోలు మీద ముడత కూడా సరిగ్గా పడలేదు. వెనకభాగం మాత్రం పాత చెప్పులా చప్పబడిపోయింది. లైనింగ్ విప్పి, కొత్త కౌంటర్ పెట్టి, లోపల మెత్తటి తోలు ముక్క వేసి కుట్టాను. నిలబడింది, కానీ కంపెనీలో వేసినట్టు ఉండదు, అది ఆయనకీ చెప్పాను. ఇప్పుడు ఆయన పనికి లేసు లేని లోఫర్ బూట్లు, ఆదివారానికి జోర్డాన్. రోజుకి నాలుగుసార్ల కంటే ఎక్కువ విప్పాల్సిన పనైతే హైటాప్ మీ పనికి సరిపడదు, ఆఫీసుకి తీసుకెళ్లకండి. మీది సాఫ్ట్‌వేర్ కొలువు కాబట్టి పొద్దున కట్టుకుంటే సాయంత్రమే విప్పుతారు. అందుకే మీకు ధైర్యంగా వేసుకోమంటున్నాను.

విప్పే పద్ధతి ఇదీ. పై రెండు జతల కన్నాల్లోంచి లేసు తీసేయండి, ఖాళీగా వదిలేయండి. మిగిలిన వాటిలో లేసుని మరీ బిగించకుండా, పాదం వెనక్కీ ముందుకీ జారనంత వరకే కట్టండి. విప్పేటప్పుడు ముడి లాగి, పై నుంచి మూడు అడ్డలేసులు వేలితో వదులు చేసి, నాలుకని (లేసుల కింద ఉండే పట్టీని) ముందుకి లాగండి. బూటు నోరు పూర్తిగా తెరుచుకోవాలి. అప్పుడు మడమ పట్టుకుని తీయండి, కాలితో తొక్కి కాదు. వేసుకునేటప్పుడు వేళ్లు ముందుదాకా వెళ్లాక మడమని నేలకి రెండుసార్లు తట్టి, ఆ తర్వాత కట్టుకోవాలి. పదిహేను సెకన్ల పని. గుమ్మం పక్కన మేకుకి ఒక షూ హార్న్ (మడమ లోపలికి జారేలా పెట్టుకునే చెంచాలాంటి బద్ద) వేలాడదీయండి, ఇరవై ముప్పై రూపాయల ప్లాస్టిక్‌ది చాలు. సాగే లేసులు కూడా దొరుకుతున్నాయి. కాన్వాస్ బూటుకి బాగానే పనిచేస్తాయి. బరువైన తోలు బూటుకి వేస్తే మడమ లోపల ఆడుతూ లైనింగ్ త్వరగా అరుగుతుంది, అందుకని నేను వేయను.

కొంతమంది పక్కన జిప్పు పెట్టమంటారు. నడుము వంగని ఒక పెద్దాయనకి చక్ టేలర్ లోపలివైపు జిప్పు పెట్టి ఇచ్చాను, మూడేళ్లుగా ఆనందంగా వేసుకుంటున్నారు. కాన్వాస్ కాబట్టి కుదిరింది. జోర్డాన్ లాంటి తోలు బూటుని అలా కోయడానికి నా చెయ్యి రాదు, అడిగినా వద్దంటాను.

ఎండ విషయంలో మీ ఇంట్లోవాళ్ల మాటలో సగం నిజం ఉంది. కాలు చుట్టూ నాలుగైదు అంగుళాలు ఎక్కువ కప్పుతున్నాం, చెమట ఎక్కువే పడుతుంది. కానీ కాన్వాస్‌కీ తోలుకీ చాలా తేడా ఉంది. చక్ టేలర్‌కి పాదం లోపలివైపు, అరికాలి వంపు దగ్గర, రెండు చిన్న లోహపు కన్నాలు ఉంటాయి చూడండి. అవి గాలి ఆడటానికి. గుడ్డ ఒకటే పొరగానో రెండు పొరలుగానో ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది. జోర్డాన్ 1కి వేళ్ల పైన చిల్లులు ఉంటాయి కానీ చీలమండ చుట్టూ తోలూ, స్పాంజీ, లైనింగూ కలిసి గాలి చొరనివ్వవు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయట తిరిగే పని ఉంటే కాన్వాస్ వేయండి, లేదా ఆ రెండు నెలలు హైటాప్‌కి సెలవివ్వండి. విజయవాడ, రాజమండ్రి, విశాఖ వైపు ఉక్కపోత ఉన్న ఊళ్లలో ఉండేవాళ్లకి తోలు హైటాప్ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, మిగతా కాలంలో నేను చెప్పను.

అందుకే ఒకే జత వరసగా వేయొద్దన్నాను. రోజంతా వేసిన బూటు లోపలి తేమ ఒక్క రాత్రిలో ఆరదు. ముందుభాగం లోపల చెయ్యి పెట్టి చూడండి, పొద్దున్నకి కూడా చల్లగా తగులుతుంది. ఆ తడిలోనే మళ్లీ కాలు పెడితే వాసన, ఆ తర్వాత వేళ్ల సందుల్లో ఒరుపు, ఫంగస్. ఇంటికి రాగానే ఇన్‌సోల్ (అరికాలి కింద ఉండే లోపలి మెత్తటి పొర) బయటికి వచ్చేదైతే తీసి పక్కన పెట్టండి, నాలుక ముందుకి లాగి ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి. అల్మరాలో పెట్టి తలుపు వేయొద్దు.

సాక్సు గురించి కూడా చెప్పాలి. బూటు బయటికి కనిపించని పొట్టి సాక్సులు హైటాప్‌కి పనికిరావు. కాలర్ అంచు నేరుగా చర్మానికి రాసుకుని, చీలమండ ఎముక దగ్గర పుండు పడుతుంది. కాలర్ కంటే కనీసం రెండు వేళ్లు పైకి ఉండే సాక్సు వేయండి. షుగరు ఉన్నవాళ్లు, అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు ఇది చదువుతుంటే, గట్టి కాలర్ ఉన్న హైటాప్ జోలికి పోవద్దని కోరుతున్నాను. రాసుకుంటున్నట్టు తెలిసేలోపే పుండు పెద్దదైపోతుంది.

మీరు బైకు అన్నారు కాబట్టి ఇది. నా దగ్గరికి వచ్చే జతల్లో ఎడమ బూటు కుడి బూటు కంటే ఏడాది పెద్దదానిలా ఉంటుంది. కారణం గేరు. మొదటి గేరు తర్వాత ప్రతి గేరుకీ లివరు కింద వేళ్లు పెట్టి పైకి ఎత్తే బండి అయితే, లేసులు మొదలయ్యే చోటికి కాస్త ముందు నల్లటి చార పడుతుంది. ట్రాఫిక్‌లో రోజుకి కొన్ని వందలసార్లు. తెల్ల తోలు మీద ఆ చార ముందు మరక, ఆరునెలలకి గాయం. రంగు వేసి కప్పగలను కానీ తోలు పై పొర లేచిపోయాక నునుపు తిరిగి రాదు. దీనికి లివరు మీద తొడిగే రబ్బరు గొట్టం దొరుకుతుంది, లేదా బూటు మీద కట్టుకునే కవరు దొరుకుతుంది. మడమతో నొక్కే గేరు పెడల్ ఉన్న బండి అయితే ఈ గొడవ లేదు. లేసు కొసలు మాత్రం తప్పనిసరిగా లోపలికి దోపండి. లేసు ఉచ్చు ఫుట్‌రెస్టుకి తగులుకుని, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టలేక బండితో సహా పక్కకి పడిపోయిన కుర్రాడి బూటు నేనే కుట్టాను. మోచెయ్యి దెబ్బతో బయటపడ్డాడు.

బైకు మీద హైటాప్ మేలు చేసే చోటు కూడా ఉంది. సైలెన్సర్ వేడి చీలమండకి తగలదు. చిన్న రాళ్లు ఎగిరి తగిలినా ఎముక దగ్గర తోలు అడ్డం ఉంటుంది. ఎత్తువల్ల రోజువారీగా నిజంగా ఉపయోగపడేది ఇదే.

నడకకి ఇవి ఎలా ఉంటాయి? చెక్క నేల మీద పట్టు కోసం చేసిన సోల్ కాబట్టి అడుగు చదునుగా ఉంటుంది. చక్ టేలర్‌లో అరికాలికీ రోడ్డుకీ మధ్య పల్చటి మెత్తదనమే. గంటసేపు మాల్‌లో తిరగడానికి చాలు, రోజంతా నిలబడే ఉద్యోగానికి చాలదు. పాదం వంపు తక్కువగా ఉన్నవాళ్లకి సాయంత్రానికి మడమ నొప్పి వస్తుంది, వాళ్లు లోపల వేరే ఇన్‌సోల్ వేసుకోవాలి. హైటాప్‌లో ఉన్న సౌకర్యం ఏమిటంటే ఎత్తు ఎక్కువ కాబట్టి మందమైన ఇన్‌సోల్ వేసినా మడమ పైకి జారిపోదు. జోర్డాన్ 1లో మడమ కింద చిన్న గాలి అర ఉంటుంది, కానీ 1985 నాటి పద్ధతి అది. ఇప్పటి రన్నింగ్ షూ మెత్తదనం ఊహించుకుని వేసుకుంటే నిరాశపడతారు. మెట్రో దిగి రెండు మూడు కిలోమీటర్లు నడిచేవాళ్లు రన్నింగ్ షూ వేసుకోవడమే సుఖం.

ఇంకొకటి, కొత్త చక్ టేలర్ అడుగున పల్చగా బొచ్చులాంటిది అంటుకుని ఉంటుంది. «ఇది నకిలీదా?» అని చాలామంది ఫొటోలు పంపిస్తారు. కాదు. అడుగున గుడ్డ ఎక్కువగా ఉన్న పాదరక్షలకి అమెరికాలో దిగుమతి సుంకం తక్కువ, అందుకోసం వేసే పొర అది. వారం రోజుల నడకలో ఊడిపోతుంది. అది పోయేదాకా నున్నటి గ్రానైట్ మీద జాగ్రత్తగా నడవండి. సోల్ గీతలు అరిగిపోయాక కూడా అంతే, వానాకాలంలో అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర తడి పలకల మీద బాగా జారుతుంది.

ఏది కొనాలి? పేర్లు చాలా ఉన్నాయి. నైకీ కోసం 1982లో డిజైనర్ బ్రూస్ కిల్గోర్ గీసిన ఎయిర్ ఫోర్స్ 1 హై ఉంది, చీలమండ చుట్టూ పట్టీతో, అన్నిటికంటే బరువు. 1985లో పీటర్ మూర్ గీసిన జోర్డాన్ 1, అదే ఏడు కాలేజీ జట్ల రంగుల్లో వచ్చిన డంక్ హై ఉన్నాయి. డెబ్బైల నాటి బ్లేజర్ రూపంలో ఇప్పుడు దొరికే మిడ్ (హై కంటే కాస్త పొట్టి రకం) ఉంది, సన్నటి పాదాలకి బాగుంటుంది, వెడల్పు పాదాలకి నొక్కుతుంది. మీ పరిస్థితికి, అంటే హైదరాబాదు, బైకు, మొదటి జత, నేను చెప్పేది చక్ 70 హై, నలుపు. మామూలు చక్ టేలర్ కంటే కొంత ఎక్కువ పెట్టాలి, కానీ గుడ్డ మందం, లోపలి ఇన్‌సోల్ మెత్తన, పక్క రబ్బరు పట్టీ ఎత్తు. మడమ మీద బిళ్ల నల్లగా ఉంటే అది చక్ 70 అని గుర్తు. గేరు చార నలుపు మీద కనపడదు. ఇది ఆరు నెలలు వేసుకుని అలవాటయ్యాక, తోలు హైటాప్ కావాలనిపిస్తే అప్పుడు జోర్డాన్ 1 చూడండి. అందులో హై కంటే మిడ్‌కి లేసు కన్నాల వరస ఒకటి తక్కువ. స్నీకర్ ప్రియులు మిడ్‌ని తక్కువ చేసి మాట్లాడతారు కానీ, రోజూ విప్పుకునేవాడికి మిడ్ సుఖంగా ఉంటుందని నేను అనుభవంతో చెబుతున్నాను.

ఆఫీసులో ఎబ్బెట్టుగా ఉంటుందేమో అన్నారు. మీ ఆఫీసులో జీన్సు వేయనిస్తే ఇదీ వేయనిస్తారు. పాంటు అడుగుభాగం సన్నగా ఉండాలి, అంచు కాలర్ మీద ఆగాలి. వెడల్పు పాంటు అయితే కాలర్‌ని పూర్తిగా కప్పేయాలి. మధ్యలో సగం దోపుకుని సగం వేలాడితే బాగుండదు.

సైజు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. కాన్వర్స్ మామూలుగా పెద్దగా వస్తుంది, మీ రోజువారీ స్పోర్ట్స్ షూ సైజు కంటే అర సైజు తక్కువ వేసి చూడండి. జోర్డాన్ 1 మీ సైజే సరిపోతుంది. సాయంత్రం పూట, వేసుకోబోయే సాక్సుతోనే వెళ్లి చూడండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కొన్నాక మొదటి వారం రోడ్డెక్కకముందే ఇంట్లో రోజుకి గంట తొడుక్కుని తిరగండి. కొత్త బూటే, మట్టి అంటలేదు కాబట్టి ఇంట్లో అమ్మ కూడా ఏమీ అనదు. కాలర్ మీ చీలమండ ఆకారానికి మెత్తబడుతుంది.

ఫస్ట్ కాపీల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పదివేలు దాటిన బూటు రెండువేలకి దొరుకుతుంటే మనసు లాగుతుంది. బ్రాండు గౌరవం సంగతి పక్కన పెట్టండి. నేను విప్పి చూసిన వాటిలో చాలావాటికి సోల్ చుట్టూ కనిపించే కుట్టు ఉత్త అచ్చు, దారం లోపలికి దిగనే లేదు. సోల్ నిలబడేది సొల్యూషన్ మీదే. ఎండలో ఆపిన కారు వెనక సీట్లో రెండు మధ్యాహ్నాలు పెడితే ముందు నోరు తెరుస్తుంది. అతికిస్తే పట్టదు, ఎందుకంటే ఆ సోల్ గట్టి ప్లాస్టిక్, మేం వాడే జిగురు దానికి అంటుకోదు. అదే డబ్బు పెట్టి ఏదైనా మన దేశపు కంపెనీ సొంత పేరుతో చేసిన కాన్వాస్ హైటాప్ కొనుక్కోండి, రెండేళ్లు వస్తుంది. దాన్ని బాగుచేసి ఇవ్వడానికి నాకూ వీలవుతుంది.

అసలు బూట్లలో కూడా తయారీని బట్టి ఆయుష్షు మారుతుంది. చక్ టేలర్‌లో అప్పర్‌నీ, సోల్‌నీ, చుట్టూ రబ్బరు పట్టీనీ కలిపి వేడిలో పెట్టి రబ్బరుని గట్టిపరుస్తారు, వల్కనైజింగ్ అంటారు. అందుకే అంత సులువుగా వంగుతుంది. కానీ వేళ్లు వంగే చోట పక్క పట్టీ మొదట పగులుతుంది. పగులు కనపడగానే తెస్తే అతికించవచ్చు, దుమ్ము లోపలికి వెళ్లాక అంటుకోదు. జోర్డాన్, ఎయిర్ ఫోర్స్, డంక్‌లలో సోల్ గిన్నెలా ఉండి, అప్పర్‌ని అందులో కూర్చోబెట్టి చుట్టూ కుడతారు. ఊడితే మళ్లీ సైడ్ కుట్టు వేయవచ్చు.

ఉతకడం మాట. చిన్నప్పుడు బడికి తెల్ల కాన్వాస్ బూట్లు ఉతికి, సుద్దముక్క రుద్ది ఎండలో ఆరబెట్టిన అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ అలవాటుతోనే తెల్ల చక్ టేలర్‌ని డిటర్జెంటుతో రుద్ది మేడ మీద ఎండబెడతారు. సాయంత్రానికి పసుపు మరకలు తేలతాయి. గుడ్డలో మిగిలిపోయిన సబ్బు, నీరు ఆవిరయ్యే చోటికి చేరి పసుపు తిరుగుతుంది, ఎండకి రబ్బరు కూడా పసుపెక్కుతుంది. కొద్దిగా మెత్తటి సబ్బు, మెత్తటి బ్రష్షు, ఆపైన నురగ పూర్తిగా పోయేదాకా నాలుగైదుసార్లు మంచినీళ్లు. ఆఖరి నీళ్లలో రెండు చెంచాల వెనిగర్. తర్వాత తెల్ల టిష్యూ కాగితం చుట్టి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి, పసుపు కాగితానికి ఎక్కుతుంది. వాషింగ్ మెషిన్‌లో వేయొద్దు. తోలు జతకి తడిగుడ్డ చాలు. స్వేడ్ (నూగులాంటి పైపొర ఉన్న తోలు) ఉన్న జతని వానలో బయటికి తీయనే వద్దు.

చివరగా, ఇష్టమైన జత కొని దాచుకునేవాళ్ల గురించి. విశాఖ నుంచి ఒకాయన తొమ్మిదేళ్లు పెట్టెలో పెట్టిన జోర్డాన్ 4 పంపారు. చెల్లెలి పెళ్లికి మొదటిసారి వేసుకున్నారట, మండపం దాకా వెళ్లేలోపు సోల్ అటుకుల్లా రాలిపోయింది. అందులో సోల్ మధ్యపొర పాలీయురేతేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ నురగ. గాలిలో తేమకి అది వాడినా వాడకపోయినా లోపల్లోపలే విరిగిపోతుంది, సముద్రం పక్క ఊళ్లలో ఇంకా త్వరగా. ఆయన గొంతు విని నాకే బాధేసింది, చేయగలిగింది ఏమీ లేదు, పైభాగం మాత్రం తుడిచి తిరిగి పంపాను. ఇష్టపడి కొన్నది వేసుకోండి, దాచొద్దు.

కొనేముందు ఒక పని చేయండి. అరికాలు తడిపి ఒక కాగితం మీద నిలబడి ముద్ర తీసి, చుట్టూ పెన్సిల్‌తో గీయండి. పొడవు, వేళ్ల దగ్గర వెడల్పు సెంటీమీటర్లలో కింద రాయండి. బండికి మడమతో నొక్కే గేరు పెడల్ ఉందో లేదో కూడా చెప్పండి. సైజు ఏది అడగాలో, చక్ 70 మీ వెడల్పుకి సరిపోతుందో లేదో చెబుతాను.